నక్షత్రములలో ఇనుమెంత?

హైదరాబాదు నుండి వరంగల్లు పోవు మార్గమున, జనగామకు కొంచెము ఇవతల, పెంబర్తి యను గ్రామము కలదు. ఇత్తడి రేకును సుత్తెతో కొట్టి దేవతా కవచములను, కలశములను, ద్వారములకు తొడుగులను చేయు విశ్వకర్మల పనితనమునకు ఆ ఊరు ప్రసిద్ధి కెక్కినది. ఇత్తడి యనగా రాగి, తుత్తునాగముల మిశ్రమము. రాగి పాలు హెచ్చినకొలది రేకు ఎఱ్ఱవారును. తుత్తునాగము హెచ్చినకొలది పసుపు వన్నె తేలును. అనుభవము గలవాడు రేకును కరగింపకయే, ఆమ్లమున ముంచకయే, కంటితో చూచి అందలి పాళ్లను అంచనా కట్టగలడు.

అయితే ఈ నేర్పునకు ఒక హద్దు కలదు. చాలకాలము మూలబడి మాసిన రేకు రంగు నమ్మదగినది కాదు. దానిని చింతపండుతో తోమినగాని అసలు వన్నె బయటపడదు. దీపపు వెలుగున చూచిన రేకును పగటి వెలుగున చూచిన రేకుతో పోల్చుటయు తగదు. రంగు నిజమే చెప్పును గాని, దానితో కలిసి మఱికొన్ని సంగతులను కూడ చెప్పును. వానిని వేఱుచేయుటయే అసలైన విద్య.

ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్ర గుచ్ఛముల విషయమున చేయు పని ఇంచుమించు ఇట్టిదే. వేల కాంతి సంవత్సరముల దూరమున నున్న గుచ్ఛము యొక్క రంగును కొలిచి, అందు ఇనుము మొదలైన మూలకములు ఏపాటి యున్నవో వారు చెప్పుదురు. అచటికి పోయి వచ్చిన వారెవ్వరును లేరు. పిడికెడు ధూళి తెచ్చిన వారును లేరు. అట్టిచో ఆ మాటను ఏల నమ్మవలెను? అది కొలతయా, వట్టి ఊహయా?

ఈ సందేహము పెద్దలకును కలిగినది. ఆగస్టు కోంత్ అను ఫ్రెంచి తత్త్వవేత్త, నక్షత్రముల దూరములను, గతులను తెలిసికొనవచ్చును గాని వాని రసాయన స్వభావమును మానవుడెన్నటికిని తెలిసికొనజాలడని 1835వ సంవత్సరమున ప్రకటించెను. ఆయన అవివేకి కాడు. వస్తువును చేతబట్టి పరీక్షించుట తప్ప వేఱు మార్గము ఆనాటి వారికి తెలియదు. కోంత్ 1857లో మరణించెను. రెండేండ్లు గడచునంతలో, 1859లో, జర్మనీ దేశపు హైడెల్‌బర్గు నగరమున కిర్కాఫ్, బున్సెన్ అను ఇరువురు పండితులు ఆ మార్గమును కనుగొనిరి.

సూర్యకాంతిని గాజుపట్టకము గుండ పంపినచో ఏడు రంగుల పట్టీ యేర్పడునని న్యూటను కాలము నుండియు తెలిసిన సంగతియే. ఆ పట్టీకి వర్ణపటమని పేరు. 1814 ప్రాంతమున ఫ్రాన్‌హోఫర్ దానిని శ్రద్ధతో పరీక్షించి, అందు అయిదు వందలకు మించిన సన్నని నల్లగీతలను గుర్తించెను. అవి యేల కలిగినవో ఆయనకు తెలియలేదు. కిర్కాఫ్, బున్సెన్‌లు మంటలో ఒక్కొక్క లవణమును వేసి చూచిరి. ప్రతి మూలకమును తనకే చెల్లిన కొన్ని రంగులను మాత్రమే వెలువరించుననియు, చల్లని వాయురూపమున నున్నప్పుడు ఆ రంగులనే మ్రింగివేయుననియు వారికి తేటపడెను. ఫ్రాన్‌హోఫర్ చూచిన నల్లగీతలు సూర్యుని పైపొరలోని మూలకములు చేసిన సంతకములే.

ఈ విద్యకు తొలి పరీక్షలలో నొకటి తెలుగునేలపైననే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దానిని చూచుటకై జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణమునకు పోయెను. చంద్రుడు సూర్యబింబమును పూర్తిగా కప్పిన వేళ, అంచున లేచిన జ్వాలలను జాన్సెన్ వర్ణపటదర్శనితో పరిశీలించి, అవి మండుచున్న వాయువులనియు, అందు ఉదజని విశేషముగా నున్నదనియు తెలిసికొనెను. గ్రహణము విడిచిన మఱునాడును ఆ జ్వాలలను ఆ పరికరముతోనే చూడగలిగెను. ఆ జ్వాలల వర్ణపటమున ఒక పసుపుగీత కనబడినది. సోడియము గీతకు అది సమీపముననే యున్నను దానితో సరిపోలేదు. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండు నుండి లాకియర్ దానిని గ్రహణము లేకయే చూచెను. అది భూమిపై నెఱుగని మూలకమునకు చెందినదని నిశ్చయించి, సూర్యుని గ్రీకునామము మీదుగా హీలియమని పేరిడిరి. భూమిపై హీలియము చేతికి చిక్కుట 1895లోగాని జరుగలేదు. ఎన్నటికిని తెలియదన్న విషయము తెలియుటయే కాదు, భూమిపై కనుగొనక పూర్వమే ఒక మూలకము ఆకాశమున కానవచ్చినది!

గీత యుండుట వేఱు, గీతనుబట్టి పాలు ఇంతయని చెప్పుట వేఱు. వేడిమి మాఱిన గీత బలమును మాఱును. ఆ లెక్కకు తాళపుచెవి వంటి సమీకరణమును 1920లో మేఘనాథ సాహా ప్రకటించెను. దానిని చేపట్టి సిసీలియా పెయిన్ అను యువతి 1925లో హార్వర్డు వేధశాలలో లెక్కలు కట్టి, నక్షత్రములలో అధిక భాగము ఉదజని, హీలియములే యని తేల్చెను. ఆమె మాటను పెద్దలు వెంటనే అంగీకరింపలేదు. నాలుగేండ్లకు వారును అదే నిర్ణయమునకు వచ్చిరి. సూర్యుని ద్రవ్యములో ఈ రెండును పోగా మిగిలినది నూటికి రెండు పాళ్లకు లోపే.

ఆ కొద్దిపాటి శేషమునే ఖగోళ శాస్త్రజ్ఞులు లోహములందురు. ఇది రసాయన శాస్త్రము నేర్చినవారికి వింతగా దోచు మాట. మహబూబాబాదు జిల్లా బయ్యారము ప్రాంతపు ఖనిజములోని ఇనుము లోహమనిన ఎవరును కాదనరు. కాని వీరి లెక్కలో భూపాలపల్లి గనుల బొగ్గులోని కర్బనమును లోహమే. పీల్చు గాలిలోని అమ్లజనియు లోహమే! ఉదజని, హీలియములు విశ్వముతోపాటు పుట్టినవి. తక్కినవి దాదాపు అన్నియు నక్షత్రముల గర్భములలో తయారై, ఆ నక్షత్రములు నశించినప్పుడు బయటికి వెదజల్లబడినవి. కావున ఒక గుచ్ఛమున లోహము తక్కువగా నున్నదనిన, దానికి ముందు పుట్టి గిట్టిన నక్షత్రములు కొలదిగా నున్నవని అర్థము. పెంబర్తి రాగియు, బయ్యారపు ఇనుమును, భూపాలపల్లి బొగ్గును ఎప్పుడు, ఎంత కాలమునకు తయారైనవో తెలియవలెనన్నచో నక్షత్ర గుచ్ఛములలోని లోహమును కొలువక తప్పదు.

వర్ణపటము ఉండగా రంగుతో పని యేమని అడుగవచ్చును. గిన్నెడు నేతిని ఒకే విస్తట వడ్డించిన కంటికి కనబడును. వంద విస్తళ్లకు పంచినచో ఏ విస్తటను చూచినను జాడ తెలియదు. వర్ణపటము తీయుట యనగా అందిన కాంతిని వేల భాగములుగా పంచుట. అతిదూరపు గుచ్ఛముల నుండి వచ్చు కాంతి అంతటి పంపకమునకు చాలదు. రెండు మూడు రంగుటద్దముల గుండ కొలిచినచో కాంతి పోగుగా నిలుచును. అందుచే రంగు మోటు పనిముట్టే యైనను మిక్కిలి దూరము పోగలదు.

లోహమునకును రంగునకును గల సంబంధము రెండు విధములు. ఇనుము వంటి మూలకముల నల్లగీతలు నీలి, ఊదా, అతినీలలోహిత భాగములలో దట్టముగా క్రిక్కిఱిసి యుండును. లోహము హెచ్చిన నక్షత్రమునుండి ఆ భాగపు కాంతి ఎక్కువగా హరింపబడి, శేషించినది ఎఱుపు వైపు మొగ్గును. ఇదిగాక, లోహము గల వాయువు కాంతిని సులభముగా బయటికి పోనీయదు. వృద్ధాప్యమున ఉబ్బిన మహానక్షత్రములలో దీని ఫలితము స్పష్టము: అవి మఱింత పెరిగి, పైభాగము చల్లబడి, ఎఱ్ఱవారును. గుచ్ఛము యొక్క కాంతిలో అధిక భాగము అట్టి నక్షత్రములదే. కనుక లోహము గల ముదుసలి గుచ్ఛము ఎఱుపు, లోహము లేనిది నీలము.

ఆ రంగును సంఖ్యగా చెప్పు పద్ధతి పాత ఫొటో పలకల నుండి వచ్చినది. ఆనాటి పలకలు నీలి కాంతినే ఎక్కువగా పట్టునవి. కంటికి పసుపు, ఆకుపచ్చ కాంతులు ఎక్కువ. ఒకే నక్షత్రము పలకపై నొక ప్రకాశముతోను, కంటికి వేఱొక ప్రకాశముతోను తోచినచో ఆ భేదమే దాని రంగునకు కొలత. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించి బేగంపేటకు చేర్చెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమునకు వచ్చెను. ప్రపంచ దేశములు కలిసి తలపెట్టిన ఆకాశ చిత్రపట నిర్మాణమున హైదరాబాదునకు కూడ ఒక భాగము దక్కెను. అచటివారు ఓపికతో పలకలు తీసి, లక్షల కొలది నక్షత్రముల స్థానములను, ప్రకాశములను కొలిచి సంపుటములుగా ప్రకటించిరి. 1968లో జపాల్ రంగాపురమున 48 అంగుళముల దూరదర్శనిని నెలకొల్పిన పిమ్మట పలకలకు మారు కాంతివిద్యుత్ మాపకములతో నక్షత్రముల వెలుగును కొలిచిరి.

నీలి కాంతిలోని తరగతి నుండి పసుపు కాంతిలోని తరగతిని తీసివేయగా వచ్చు సంఖ్యను వర్ణసూచి యందురు. అభిజిత్తునకు అది ఇంచుమించు సున్న. సూర్యునకు సుమారు 0.65, ఎఱ్ఱని రోహిణికి సుమారు 1.5. సంఖ్య పెరిగినకొలది ఎఱుపు పెరుగునని గ్రహింపవలెను.

ఇక మూడు గోళాకార గుచ్ఛములను పరీక్షింపుడు. పూర్వాభాద్రకు పడమట నున్న మెస్సియర్ 15 యొక్క వర్ణసూచి 0.68. దక్షిణమున 47 టుకానే యను గుచ్ఛమునకు 0.88, ఇది జనగామ వారికి దిఙ్మండలము మీదనే యుండుటచే కానరాదు. జ్యేష్ఠా నక్షత్రము ప్రక్కనున్న మెస్సియర్ 4 యొక్క సూచి 1.03. ఈ వరుస చూచినచో మెస్సియర్ 4లో లోహము అన్నిటికంటె ఎక్కువని తీర్పు చెప్పవలసి వచ్చును. ఆ తీర్పు తప్పు!

కారణము ధూళి. జ్యేష్ఠ ప్రాంతమున దట్టమైన ధూళిమేఘములు కలవు. సంజవేళ సూర్యుడు ఎఱ్ఱబడినట్లే, వాని వెనుకనున్న గుచ్ఛము ఎఱ్ఱబడి కనబడును. పెంబర్తి రేకును తోమినట్లు గగనమును తోముటకు చింతపండు లేదు. అందుచే శాస్త్రజ్ఞులు ఆ దిక్కున ధూళి ఎంత యున్నదో వేఱుగా లెక్కించి, దాని వలన కలిగిన ఎఱుపును తీసివేయుదురు. అట్లు తీసివేయగా మెస్సియర్ 15నకు 0.58, మెస్సియర్ 4నకు 0.68, 47 టుకానేకు 0.84 నిలిచినవి. ఇప్పుడు వరుస మాఱినది. ఈ గుచ్ఛములలోని విడి నక్షత్రముల వర్ణపటములను తీసి చూడగా, ఉదజనితో పోల్చిన ఇనుము పాలు మెస్సియర్ 15లో సూర్యుని యందున్నదానిలో సుమారు 200వ వంతు. మెస్సియర్ 4లో సుమారు 14వ వంతు. 47 టుకానేలో సుమారు 5వ వంతు. రంగు వరుసయు, ఇనుము వరుసయు ఒకటే.

కొలతయా, ఊహయా యన్న ప్రశ్నకు సమాధానము ఇచట నున్నది. సమీప గుచ్ఛములలో వర్ణపటముతో లోహమును నిర్ణయించిరి; వాని రంగులను కొలిచిరి; రెండింటిని జతపఱచి ఒక గీత గీచిరి. దూరపు గుచ్ఛము రంగును ఆ గీతపై పెట్టి లోహమును చదువుదురు. గీత మంచిదైనంతవఱకు అది కొలతయే.

గీత చెడు చోట్లు కూడ కలవు. పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు కృత్తికలను చూడుడు. అవి నీలకాంతితో మెఱయుచుండును. నీలమనగా లోహము తక్కువ యని చెప్పినచో మోసపోవుదురు. కృత్తికలలో ఇనుము ఇంచుమించు సూర్యునియందున్నంత కలదు. అవి పుట్టి సుమారు పది కోట్ల ఏండ్లు మాత్రమే యైనది. వేడిమి మెండుగా గల నీలి నక్షత్రములు ఇంకను బ్రతికియున్నవి. కాలము గడచిన కొలది అవి ముందుగా నశించును, గుచ్ఛము ఎఱ్ఱబడును. వయస్సు పెరిగినను ఎఱుపే, లోహము పెరిగినను ఎఱుపే! ఒకే రంగు చూచి ఇది వయస్సు వలననా, లోహము వలననా యని చెప్పుట అసాధ్యము. గోళాకార గుచ్ఛముల విషయమున ఈ చిక్కు చాలవఱకు తొలగుటకు కారణము, వానిలో అధికము 1,100 మొదలు 1,300 కోట్ల ఏండ్ల వయస్సు గలవి. ముదుసలిని ముదుసలితోనే పోల్చుచున్నారన్నమాట. ఇతర గుచ్ఛములకు ఒక్క రంగు చాలదు. కంటికి కానవచ్చు కాంతితోపాటు పరారుణ కాంతిని కూడ కొలిచి జతచేసినచో లోహపు ప్రభావమును వయస్సు నుండి కొంత విడదీయవచ్చును.

అతినీలలోహిత కాంతి మఱియొక చిక్కును తెచ్చినది. కొన్ని ముదుసలి నక్షత్రములు పైపొరలను పోగొట్టుకొని, మరల మిక్కిలి వేడెక్కి నీలముగా ప్రకాశించును. అవి గుచ్ఛము యొక్క రంగును పక్కదారి పట్టించును. అతినీలలోహిత కాంతిని వాతావరణము అడ్డగించును గనుక దానిని భూమిపై నుండి చూడరాదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహముపై అట్టి కాంతిని పట్టు దూరదర్శని యుండెను. దానితో భారతీయ శాస్త్రజ్ఞులు పలు గుచ్ఛములలోని ఈ వేడి నక్షత్రములను ఒక్కొక్కదానినిగా గుర్తించి లెక్కించిరి.

ఇంతటి జాగ్రత్త ఏల యనిన, రంగు తప్ప వేఱు ఆధారము లేని చోట్లు ఎన్నియో కలవు. అయిదు కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున మెస్సియర్ 87 అను మహా నక్షత్రమండలము కలదు. దాని చుట్టు గోళాకార గుచ్ఛములు పదివేలకు మించి యున్నవి. అన్నిటికి మంచి వర్ణపటములు తీయుట ఏ దూరదర్శనికిని తరము కాదు. వాని రంగులను కొలువగా నీలి వర్గము, ఎఱుపు వర్గము అని రెండు గుంపులు తేలినవి. లోహము తక్కువైనవి ఒక తెగ, ఎక్కువైనవి మఱియొక తెగ యనియు, ఆ రెండును వేఱువేఱు విధములుగా పుట్టినవనియు పలువురు తలచిరి. కాని 2006లో కొందరు ఒక ఆక్షేపణ తెచ్చిరి. రంగునకును లోహమునకును గల గీత తిన్నగా గాక వంకరగా నున్నచో, లోహము ఒకే విధముగా పరచుకొని యున్నను రంగు రెండు గుంపులుగా కనబడవచ్చునని వారి వాదము. అది సమంజసమైన ఆక్షేపణయే. విడివిడిగా వర్ణపటములు తీసిన కొలది ఆ వాదము కొన్ని మండలములలో బలహీనపడినది గాని పూర్తిగా సమసిపోలేదు.

ఈ విద్యార్థులు స్వయముగా చూడదగిన గుచ్ఛమొకటి కలదు. వైశాఖ మాసపు చీకటి రాత్రి, పది గంటల ప్రాంతమున, భూపాలపల్లి వైపు పల్లెలలో దీపముల వెలుగు లేని పొలముగట్టున దక్షిణ ముఖముగా నిలువవలెను. చిత్తా నక్షత్రము దక్షిణమున మిక్కిలి ఎత్తునకు వచ్చి యుండును. దానికి తిన్నగా క్రిందుగా, దిఙ్మండలమునకు ఇరువది నాలుగు డిగ్రీల ఎత్తున, మసకబారిన చుక్కవంటిది కనబడును. అదియే ఒమేగా సెంటారి. అది చుక్క కాదు. సుమారు 17,000 కాంతి సంవత్సరముల దూరమున కోటి వఱకు నక్షత్రములు గుమిగూడిన రాశి. తక్కిన గోళాకార గుచ్ఛములలో పెక్కింటి యందు నక్షత్రములన్నిటికి ఇనుము పాలు దాదాపు ఒకటే యుండగా, ఇందు కొన్నిట సూర్యునిలోని దానిలో నూఱవ వంతునకు తక్కువ, కొన్నిట అయిదవ వంతు దాక కలదు. ఒక తరము నక్షత్రములు వండిన లోహముతో మఱియొక తరము పుట్టిన గుర్తులు అందున్నవి. పూర్వమెన్నడో పాలపుంత మ్రింగివేసిన ఒక చిన్న నక్షత్రమండలపు నడిగుండె అదియేనని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. దూరము నుండి దాని మొత్తపు రంగును మాత్రము కొలిచినవానికి ఒక్క సంఖ్య చిక్కును; అందలి తరముల జాడ చిక్కదు.